ముడుపు మీద లియన్

14 జూన్ 2023, బుధవారం

బ్యాంకుకు వెళ్ళొచ్చాను. జీతం స్లిప్పు అడిగారు, లేదు. సొంత ఇల్లు ఉందా అన్నారు, లేదు. పదిహేడేళ్ళు యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్పానన్నాను. పర్మనెంటా అన్నారు. కాదు, అకడమిక్ కన్సల్టెంట్, ఏడాదికోసారి కాంట్రాక్టు, ఈ ఏడాది పొడిగించలేదు. లోన్ ఆఫీసరు ప్రతాప్ కుర్రాడే, మర్యాదస్తుడు. రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టేశాడు. మర్యాదగానే పెట్టాడు.

ఇంతకీ ఏం వ్యాపారం మేడం అని అడిగాడు. పత్యం వంట అన్నాను. డయాలసిస్ పేషెంట్లకు ఉప్పు లేని కూడు, షుగరున్నవాళ్ళకు రాగిసంగటి, ఆపరేషనైనవాళ్ళకు జావ. కడప నుంచీ అనంతపురం నుంచీ తిరుపతి ఆసుపత్రులకు వచ్చి లాడ్జిల్లో దిగేవాళ్ళకు ఇడ్లీ, బిర్యానీ దొరుకుతాయి గానీ ఇది దొరకదు. మా నాయనకు అమ్మ తొమ్మిదేళ్ళు వండింది ఇదే. నేను క్యారియర్‌లో మోసింది ఇదే. పక్క మంచాలవాళ్ళు మాకూ ఒక ముద్ద పెట్టమ్మా అని అడిగేవాళ్ళు. వంట షబ్రీన్ చూసుకుంటుంది, కాగితాలు నేను.

ఐడియా బాగుండాది మేడం, ఐడియా మీద లోను మాత్రం ఇయ్యలేం అన్నాడు. ఎఫ్‌డీ గానీ ఫండ్స్ గానీ ఏమన్నా ఉండాయా అన్నాడు.

ఎఫ్‌డీ ఐదు లక్షలు ఉంది. నా ముసలితనం మొత్తం అందులోనే ఉంది. ఒక లిక్విడ్ ఫండ్‌లో రెండున్నర లక్షలు ఉన్నాయి. అది చెప్పగానే పెన్ను మళ్ళీ చేతికి తీసుకున్నాడు. ఇంకేం మేడం, మీ డబ్బు మీరు ముట్టుకునే పనే లేదు, దానిమీద లియన్ వేస్తాం, ఉన్నచోటే ఉంటాది, పెరిగేది పెరగతానే ఉంటాది, లోను తీరినాక లియన్ ఎత్తేస్తాం అని చెప్పాడు. లియనంటే ఇల్లు మీదే, గేటుకు తాళం మాది, అంతే అన్నాడు. ఈ పోలిక చాలామందికి చెప్పి ఉంటాడు.

ఎఫ్‌డీ ఒక్కటే అయితే చాలదు. రెండూ కలిస్తేనే ఆరున్నర లక్షలు వస్తాయి.

ఫండ్ నా పేరు మీదే ఉంది. నాది కాదని ఆయనకు చెప్పలేదు.

15 జూన్

ఆ ఫండ్ సంగతి రాసుకుందాం. రాస్తే తేలుతుందేమో.

నాయన మునిరామయ్య బస్సు కండక్టరు. తిరుపతి, చిత్తూరు రూటు. 2010లో కిడ్నీలు పోయాయి. మొదటి డయాలసిస్ రోజు అమ్మ ఆసుపత్రి మెట్ల మీద కొండవైపు తిరిగి మొక్కుకుంది. ఒక్క ఏడాది దాటించు, అలిపిరి నుంచి నడిచొచ్చి నీ ముడుపు నీకిస్తాను అని. సాయంత్రం ఇంటికొచ్చి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ మూట కట్టింది. ఆ తర్వాత ప్రతి శనివారం ఇంటిఖర్చులో మిగిలింది దాంట్లో వేసేది.

ఏడాది దాటింది. అమ్మ కొండెక్కలేదు. అడిగినదానికంటే ఎక్కువ ఇస్తున్నాడు, ఇప్పుడు పోయి లెక్క తేల్చేస్తే ఇంతటితో సరి అనుకుంటాడేమోనని భయం. అప్పు తీర్చకపోవడమే మర్యాద అనుకుంది. ఆయన తొమ్మిదేళ్ళు ఇచ్చాడు.

మధ్యలో నోట్ల రద్దు వచ్చింది. మూటలో ఉన్నవన్నీ పాత ఐదువందలే. మూట విప్పింది అమ్మ, బ్యాంకులో వేసింది నేను. మళ్ళీ కొత్త నోట్లు తెచ్చి కడదామంది. వాటినీ రద్దు చేస్తేనో అన్నాను. లిక్విడ్ ఫండ్ గురించి చెప్పాను. కావాలన్న మర్నాడే చేతికొస్తుంది అన్నమాట ఒక్కటే అమ్మ పట్టుకుంది. కొండమీది ఆయప్ప అడిగినదినం ఇయ్యాల గదా, అట్లయితే సరే అంది. అప్పటినుంచీ దేవుడి గూట్లో పసుపు మూటలో రూపాయి బిళ్ళ, ఫండ్ స్టేట్‌మెంటు ప్రింటు ఉంటాయి. ఉగాదికోసారి కొత్త ప్రింటు పెడతాను. అమ్మ దానికి కుంకుమ పెడుతుంది.

నాయన 2019లో పోయాడు. చావు జరిగిన ఇల్లు ఏడాదిపాటు కొండెక్కకూడదు. ఏడాది తిరిగేసరికి కరోనా. కరోనా పోయేసరికి అమ్మకు మోకాళ్ళు. బస్సులో పోదామంటే ఒప్పుకోదు. బస్సులో పోతే దర్శనం, మొక్కు గాదు అంటుంది. ముడుపు అలాగే ఉంది.

తేలలేదు.

17 జూన్, శనివారం

అమ్మకు చెప్పాను. డబ్బు తీయము, కదల్చము, వడ్డీ కూడా ఆగదు, బ్యాంకు తాళం వేసుకుంటుంది, నేను బాకీ తీరిస్తే తాళం తీస్తుంది అని వివరంగా చెప్పాను. ఎంఏ క్లాసులో కూడా ఇంత బాగా చెప్పి ఉండను.

అంతా విని, తాళం ఇంతకుముందే ఒగాయన వేసుకోనుండాడు గదా పాపా అంది. ఒకే మడికయ్యను ఇద్దరికి కుదవ పెట్టినోడిని మా నాయన గడప తొక్కనిచ్చేటోడు గాదు అంది.

నిజమే, ముడుపు కూడా లియనే. వస్తువు మన దగ్గరే ఉంటుంది, హక్కు ఇంకొకరిది. అమ్మ ఆ హక్కును పదమూడేళ్ళ కిందట రాసిచ్చేసింది. బ్యాంకు రెండో వరసలో ఉంది, ఆ సంగతి బ్యాంకుకు తెలియదు.

నాకు దేవుడి మీద నమ్మకం ఉందో లేదో నాకే తెలియదు. లేదని కూడా గట్టిగా అనలేను. అమ్మ మాటలో తర్కం మాత్రం తప్పులేదు.

19 జూన్

అమ్మ మాట్లాడటంలేదు. పప్పు మాత్రం బాగా కుదిరింది.

21 జూన్

షబ్రీన్ వచ్చింది. లేడీస్ హాస్టల్ మెస్సులో వంట చేసేది, అక్కడే పరిచయం. వాళ్ళ నాయన ఖాదర్ బాషా పెళ్ళిళ్ళకు బిర్యానీ వండేవాడు. ఆయన పోయాక పెద్ద పెద్ద డేగిసాలు ఇంట్లో బోర్లించి ఉన్నాయి. మా వ్యాపారంలో ఆమె పెట్టుబడి అవే. వడ్డీ మాట ఎత్తితే వాళ్ళమ్మ రంజాన్‌బీ చెవులు మూసుకుంటుందట. అప్పు అక్కది, డేగిసాలు మనవి, ఆ పాపం నీకు రాదులేమ్మా అని షబ్రీన్ సర్దిచెప్పిందట. నవ్వుతూ చెప్పింది. నాకు కొంచెం గుచ్చుకుంది.

అమ్మ కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. షబ్రీన్ ఊరుకోదు. పెద్దమ్మా, మీ స్వామి పెండ్లికి కుబేరుడి దగ్గర అప్పు తీసుకున్నాడంట గదా, దానికి ఏం కుదవ పెట్టినాడు అని అడిగింది. అమ్మ ఆలోచించింది. పత్రం రాసిచ్చినాడు అంది. ఉత్త కాగితమేనా, మాకైతే బ్యాంకోడు ఎఫ్‌డీ తే, ఫండ్ తే అంటాడే అంది షబ్రీన్. కాగితం గాదమ్మే, ఆయన మాటే కుదవ అంది అమ్మ. అట్లయితే అక్క మాట కుదవ పెట్టుకో అంది షబ్రీన్.

అమ్మ నావైపు చూసింది. ఈమె మాటా, ఈమె పొద్దున ఒకటంటే సాయంత్రం దానికే అనుమానాలు పెడతాది, ఈమె మాటను ఎవురు కుదవ పెట్టుకుంటారు అంది. ఇద్దరూ నవ్వారు. అమ్మ నవ్వు ఆపి, అంతగా అయితే కాణిపాకంలో చెప్పమను సూద్దాం అంది.

25 జూన్, ఆదివారం

కాణిపాకం. బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది.

అక్కడి వినాయకుడి ముందు అబద్ధం చెబితే బతకరని జిల్లా అంతా నమ్మకం. ఒకప్పుడు దొంగతనాలు, గట్టు తగాదాలు ఆయన ముందు తేల్చుకునేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువగా తాగుడు మానేవాళ్ళు వస్తారు. ప్రమాణానికి టికెట్టు ఉంది. మా ముందు ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళ వెనక వాళ్ళ భార్యలు. ఒకామె తన మొగుడి తడి చొక్కా కొస పట్టుకునే ఉంది, వదిలితే పారిపోతాడన్నట్టు. ఆయన నాతో మెల్లగా, ఇది నాకు మూడోసారి మేడం అన్నాడు. ఆమె వింది. మూడోసారి నువ్వే దేవుడికి భయం పుట్టిస్తాండావు అంది.

అమ్మ అడిగింది. బ్యాంకోడికి ఎఫ్‌డీ ఇస్తాండావు, ఈయనకేం ఇస్తావు అని. ఆలోచించలేదు నేను. ఏదైనా ఆలోచించకుండా చేయడం నా జీవితంలో అరుదు. ఉప్పు అన్నాను. ముడుపు బ్యాంకు నుంచి విడిపించి కొండకు చేర్చేదాకా ఉప్పు తినను. ఎలాగూ ఆ తిండే అమ్మబోతున్నాం, వండేవాళ్ళకు దాని రుచి తెలియాలి కదా అని కూడా అన్నాను. అమ్మ తల తడుపుకొని రమ్మంది.

పూజారి నన్ను చూసి, ఎవరు మానాలమ్మా, మందా సిగరెట్టా అని అడిగాడు. ఉప్పు అన్నాను. తలెత్తి చూశాడు. కర్పూరం వెలిగించాడు.

తడి జుట్టుతో నిలబడి చెప్పాను. అమ్మ నా పక్కనే నిలబడింది. ఆమె కూడా తల తడుపుకుంది. మొక్కుకునేటప్పుడు ఆమె పెదాలు కదలడం చూశాను. నా గురించే అయి ఉంటుంది.

6 జూలై

సంతకాలు పెట్టాను. ఎన్ని పెట్టానో గుర్తులేదు. అమ్మ తానూ వస్తానంది. ప్రతాప్ అమ్మకు కుర్చీ వేయించాడు. జామీను సంతకం నేను పెడతాను అంది అమ్మ. ప్రతాప్ నవ్వి, మీకు డెబ్బై దాటినాయి గదమ్మా, రూల్స్ ఒప్పుకోవు, ఫండ్ ఉండాది, అదే జామీను అన్నాడు. ఇంటికొచ్చేదాకా అమ్మ ఒకటే మాట. డెబ్బై దాటితే సంతకం గూడా ముసిలిదైపోతాదా అని.

7 జూలై

ఫోన్‌లో ఫండ్ తెరిచి చూశాను. యూనిట్లన్నీ అలాగే ఉన్నాయి. పక్కన చిన్న తాళం బొమ్మ.

3 సెప్టెంబర్

కిచెన్ మొదలై రెండు వారాలైంది. ఆసుపత్రి వెనక సందులో షెడ్డు. స్టీమ్ బాయిలర్, డెలివరీకి ఒక కరెంటు ఆటో, ఖాదర్ బాషా డేగిసాలు. మేకలు ఉడికిన డేగిసాల్లో సొరకాయ ఉడుకుతోంది. మా నాయన ఉండి చూసింటే ఉరేసుకునేటోడు అంటుంది షబ్రీన్. డయాలసిస్‌వాళ్ళకు కూరగాయ ముక్కలు నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వండాలి. మొదటిరోజు షబ్రీన్ ప్రాణం ఒప్పలేదు. సారమంతా మోరీలో పోసి చెత్త తినిపిస్తామా అంది. ఆ సారమే వాళ్ళకు విషమని అమ్మ చెప్పింది. మా నాయనకు వండుతూ నేర్చుకున్న విద్య. ఉప్పు బదులు నిమ్మరసం ఎప్పుడు పిండాలి, కొత్తిమీర ఎంత, జీలకర్ర ఎంత వేయించాలి, అన్నీ అమ్మ కుర్చీలో కూర్చుని చెబుతుంది.

ఉప్పు లేకపోతే నాలుక మొదటి వారం కోపంగా ఉంటుంది. రెండో వారం వెతుకుతుంది. తర్వాత బెండకాయకు బెండకాయ రుచి తెలుస్తుంది. ఇది వైరాగ్యం కాదు. అలవాటు.

18 నవంబర్, శనివారం

మూడు పూటలా కిచెన్ భోజనమే తింటున్నాను. అమ్మ ఇంట్లో తనకు తాను వండుకుంటుంది. నువ్వు నీ చప్పిడి తిను, నా గొడవ నీకెందుకు అంది. నెల సరుకులు రాసుకుంటుంటే ఉప్పు వద్దు, ఉండాది అని చెప్పింది. ఒక్క మనిషికి ఎంత కావాలి.

శనివారాలు కొత్తగా ఒక పని పెట్టుకుంది. మా కరెంటు ఆటోలో అలిపిరి దాకా పోయి, కొన్ని మెట్లెక్కి, పసుపు కుంకుమ పెట్టి దిగివస్తుంది. ప్రాక్టీసు అంట. ఇంతకుముందు పది మెట్లెక్కితే కాళ్ళు వాచేవి.

11 ఫిబ్రవరి 2024

మంచి నెల. ఆదివారాలు తప్ప ఈఎంఐ గురించి గుర్తు రాలేదు. రెండో ఆటో కొందామంటోంది షబ్రీన్. నాకు భయం. మంచి నెలలంటే నాకెప్పుడూ భయమే, వాటిని చూసి మనుషులు లెక్కలు వేసుకుంటారు.

అమ్మను చెకప్‌కు తీసుకెళ్ళాను. కాళ్ళ వాపు తీసింది. బీపీ దిగింది. ఏం మార్చారమ్మా అని డాక్టరు అడిగాడు. ఏం ల్యా, మెట్లెక్కతాండాను అంది.

రంజాన్‌బీ నిమ్మకాయ ఊరగాయ పంపింది. అమ్మకు ఆమె ఊరగాయంటే ప్రాణం. ఈసారి సీసా విప్పకుండా వాచ్‌మన్ భార్య అక్కమ్మకు ఇచ్చేసింది. బీపీ అదుపులో ఉంచుకుంటోందనుకున్నాను. ఎప్పుడూ లేనిది.

9 ఆగస్టు

పెద్ద ఆసుపత్రిలో కొత్త రూలు వచ్చింది. ఇన్‌ఫెక్షన్లు పెరుగుతున్నాయని బయటి భోజనం వార్డులోకి రానివ్వరు. రూలు సబబుగానే ఉంది. మా క్యారియర్లలో సగానికి పైగా ఆ వార్డులకే పోయేవి.

గేటు దగ్గర సెక్యూరిటీ సంతోషమ్మ మాకు తెలిసిన మనిషే, మా సంగటి రోజూ తినేది. నన్ను పంపమంటే పంపతాను అక్కా, రేపట్నుంచి నేను గూడా మీ షెడ్డులో పని చేసుకోవాల అంది. వెనక్కి తెచ్చాం. నలభై మంది పత్యం వీధిలో పంచిపెట్టాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఒక ముద్ద తిని, ఇదేంది ఉప్పులేదే అన్నారు.

30 సెప్టెంబర్

ఈ నెల కూడా ఈఎంఐ కట్టలేదు. వరసగా రెండు.

14 అక్టోబర్

ప్రతాప్ ఫోన్ చేశాడు. ఇంకో నెల దాటితే సిస్టమే అమ్మేస్తాది మేడం, నా చేతిలో ఉండదు అన్నాడు. ఏది అమ్ముతుంది అని అడిగాను. ముందు లిక్విడ్ ఫండే, ఒక్క రోజులో డబ్బవుతాది, పెనాల్టీ ఉండదు, అందుకే దాన్ని లిక్విడ్ అంటారు గదా అన్నాడు. అమ్మకు నచ్చిన గుణం అదే. అడిగిన మర్నాడే ఇచ్చేస్తుంది. ఎవరు అడిగినా ఇచ్చేస్తుంది.

నిజానికి మీకు మేలే మేడం, ఫండ్ పోతే బాకీ సగానికి దిగతాది, ఈఎంఐ తగ్గిస్తాం, మీ ఎఫ్‌డీ మీకుంటాది, రేపు ముసలితనానికి అదే గదా అన్నాడు. అన్నీ నిజాలే.

ఎఫ్‌డీ విరగ్గొడితే అని అడిగాను. మొత్తం బాకీ తీరిపోతాది, మీకు మాత్రం ఏమీ మిగలదు, ఎందుకు మేడం అన్నాడు.

ఎందుకో ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర సరైన వాక్యం లేదు.

15 అక్టోబర్

అమ్మ దీపం పెడుతూ, ముడుపు ఎట్లుండాది అని అడిగింది. ఊరికి పంపిన మనిషిని అడిగినట్టు. బాగానే ఉంది అన్నాను.

20 అక్టోబర్, ఆదివారం

కాగితం మీద రెండు దారులూ పక్కపక్కన వేసి చూశాను.

ఫండ్ పోతే: నాకు ముసలితనం ఉంటుంది. అమ్మకు మొక్కు ఉండదు. ఆ డబ్బు మళ్ళీ కూడబెట్టి ముడుపు కట్టొచ్చు, డబ్బుకు డబ్బు సమానమే. కానీ అమ్మ తొమ్మిదేళ్ళ శనివారాలకు ఇంకో రెండున్నర లక్షలు సమానమా? లెక్కల్లో సమానమే. అలాంటప్పుడు ఆ ప్రశ్న ఎందుకు వస్తోంది?

ఎఫ్‌డీ పోతే: మొక్కు ఉంటుంది. నలభై ఏడేళ్ళకు నేను మళ్ళీ సున్నా.

ఇంకో సంగతి కూడా కనబడింది. ఎఫ్‌డీకి వచ్చే వడ్డీ కంటే లోనుకు కట్టే వడ్డీ ఎక్కువ. అంటే ఎఫ్‌డీతో బాకీ తీర్చేయడమే తెలివైన పని. ఇది చూసి సంతోషం వేసింది, వెంటనే ఆ సంతోషం మీద అనుమానం వచ్చింది. మొక్కు కోసం లెక్కను సాకుగా పెట్టుకుంటున్నానా, లెక్క కోసం మొక్కునా? పదిహేడేళ్ళు పిల్లలకు ఇలాంటి ప్రశ్నలు ఇచ్చి పది మార్కులు వేశాను. జవాబు నాకు తెలుసని వాళ్ళు అనుకునేవాళ్ళు.

అమ్మ నిద్రపోతోంది. అడిగితే ఏమంటుందో తెలుసు. నీ డబ్బు విరగ్గొట్టొద్దు పాపా, ఆయప్పకు నేను చెప్పుకుంటాను అంటుంది. అందుకే అడగను.

4 నవంబర్

ఎఫ్‌డీ క్లోజ్ చేశాను. లోను క్లోజ్ అయింది. ప్రతాప్ లేచి నిలబడి చెయ్యి కలిపాడు, పెళ్ళిలోలా. లియన్ ఎత్తేయడానికి కొన్ని రోజులు పడుతుందన్నాడు.

షబ్రీన్‌కు మాత్రం చెప్పాను. ఆమె ఒక డేగిసా తోమింది. తర్వాత, ఈఎంఐ లేకపోతే ఊపిరి ఆడతాది అక్కా, రూములు తీసుకోని ఉండే డయాలసిస్సోళ్ళు చానామంది, వార్డు కాకపోతే లాడ్జి, పదా అంది. సంతోషమ్మ రెండు లాడ్జిల పేర్లు చెప్పింది.

అమ్మకు బాకీ తీరిందని మాత్రం చెప్పాను. కిచెన్ తీర్చిందనుకుంది. అనుకోనిచ్చాను.

27 నవంబర్

తాళం బొమ్మ పోయింది.

2 డిసెంబర్

గురువారం ఫండ్ అమ్మేశాను. మర్నాడే అకౌంటులో పడింది, మాట తప్పలేదు. ఇంట్లో కూర్చునే ఈ-హుండీలో వేయొచ్చని అమ్మకు చెప్పాను. ఆయప్ప ఫోన్ సూసుకుంటా కూర్చోనుండాడా అంది. నోట్లు తెచ్చాను. పసుపు గుడ్డ కొత్తది తడిపి ఆరేసింది. పాత రూపాయి బిళ్ళ అడుగున పెట్టి, నోట్లు పేర్చి, తానే ముడి వేసింది. స్టేట్‌మెంటు ప్రింటు ఏం చేయమంటావు అన్నాను. అదీ ఇన్నేళ్ళు స్వామి దగ్గరే ఉన్నింది గదా అని మడిచి లోపల పెట్టింది.

14 డిసెంబర్, శనివారం

ఎక్కింది.

తెల్లవారకముందే షబ్రీన్ ఆటోలో అలిపిరి దగ్గర దింపింది. సీసా నిండా మజ్జిగ ఇచ్చింది, ఉప్పు లేనిది. మీ స్వామితో చెప్పు పెద్దమ్మా, అసలుతో పని అయిపోయింది, వడ్డీ మాట మాత్రం ఎత్తొద్దని అంది. అమ్మ ఆమె వీపు మీద ఒక్కటి వేసింది.

మూట నన్ను పట్టుకోనివ్వలేదు. కొంగులో కట్టుకుంది. ప్రతి మెట్టుకూ వంగి పసుపు పెడతానంటే సాయంత్రానికి కూడా చేరలేం అన్నాను. అప్పుడు పదింటికొకటి చేసింది. గాలిగోపురం దాకా చాలాసార్లు కూర్చుంది. కూర్చున్న ప్రతిసారీ నేను మనసులో కిందికి దిగిపోయాను, ఆమె లేచి పైకి నడిచింది. ఒకచోట ఒక కుర్రవాడు భుజం ఇస్తానన్నాడు. నీ మొక్కు నువ్వు మోసుకో నాయనా అంది.

క్యూలో చాలాసేపు పట్టింది. స్వామి ముందు రెండు సెకన్లు నిలబడ్డాం, నెట్టేశారు. హుండీ దగ్గర మూట నుదుటికి ఆనించి హుండీ గుడ్డసంచి మూతిలోకి జారవిడిచింది. చప్పుడు కాలేదు. పద్నాలుగేళ్ళు.

ఏం మొక్కుకున్నావు అని అడిగాను. ఏం ల్యా, లేటయినాది అని చెప్పినాను అంది.

దిగడానికి బస్సు ఎక్కింది. వంపుల్లో నా భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుని, ఇంక ఉప్పు తిను పాపా అంది. ఎఫ్‌డీ సంగతి అప్పుడు చెబుదామనిపించింది. నిద్రపోయింది.

15 డిసెంబర్

అమ్మకు రెండు కాళ్ళూ పట్టేశాయి. మంచం దిగలేదు. ముఖం మాత్రం ప్రశాంతంగా ఉంది. తైలం రాశాను. ఆకలి లేదని జావ మాత్రం తాగింది, అదీ కిచెన్‌దే.

16 డిసెంబర్, సోమవారం

ఏడాదిన్నర తర్వాత ఇంట్లో స్టవ్ దగ్గర నేను నిలబడ్డాను. కందిపప్పు ఉడికింది. ఉప్పు జాడీ మూత తీశాను. ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యి పెట్టనట్టు రాయిలా గడ్డకట్టి ఉంది. చెంచా గుచ్చితే చెంచా వంగింది.

అమ్మ ఇంకా లేవలేదు. పప్పులో ఉప్పు ఎంత వేయాలో ఇప్పుడు ఈ ఇంట్లో ఇద్దరికీ తెలియదు.